పీసా ఎయిర్‌పోర్టు: దగ్గరే కదా అని తాపీగా వెళ్ళకండి

అత్తయ్య, మామయ్య లండన్ వచ్చినప్పుడు నలుగురం కలిసి ఇటలీలోని పీసా వెళ్ళొచ్చాం. ఎయిర్‌పోర్టుకి ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఒకటి ఎక్కడ తగ్గించానో చెప్తా.

పేరు గెలీలియో గెలిలీ ఎయిర్‌పోర్టు, ఆయన పుట్టిన ఊరే కాబట్టి. చాలామంది పీసా కోసం కాదు, ఫ్లారెన్స్ కోసం దిగుతారిక్కడ. ఫ్లారెన్స్ సొంత ఎయిర్‌పోర్టు రన్‌వే పొట్టిది, వాతావరణం బాగోకపోతే అక్కడ దిగాల్సిన విమానాల్ని కూడా ఇటు పంపించేస్తుంటారు.

బయటికి రాగానే పీసా మూవర్ కనిపిస్తుంది. డ్రైవర్ లేని చిన్న రైలు, 2017లో మొదలైంది, ఐదు నిమిషాల్లో పీసా సెంట్రాలే స్టేషన్లో దింపేస్తుంది. అంతకుముందు ఇక్కడిదాకా మామూలు రైలే వచ్చేదట, మూవర్ కట్టడానికి 2013 చివర్లో ఎయిర్‌పోర్టు దగ్గరి ఆ రైలు స్టేషన్ మూసేశారు. నేను తగ్గించిన మార్కు ఈ మూవర్‌దే. రెండు కిలోమీటర్లు కూడా లేని దూరానికి మనిషికి ఐదు యూరోల పైమాటే! నలుగురుంటే ముందు టాక్సీ ఎంతో అడగండి. వీపున ఒక్క బ్యాగే ఉంటే ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో నడిచి పోవచ్చు, మేం పెట్టెలతో ఉన్నాం కాబట్టి మూసుకుని టికెట్ కొన్నాం. ఇంకో సంగతి, మూవర్ ఉదయం ఆరింటి నుంచి అర్ధరాత్రి దాకానే నడుస్తుంది, తెల్లవారుజామున ఫ్లైటుంటే దాన్ని నమ్ముకోవద్దు.

ఫ్లారెన్స్ వెళ్ళేవాళ్ళు బోర్డు మీద రైలు ఏ దారిన పోతుందో చూసుకోండి. ఎంపోలీ మీదుగా అయితే గంట అటూ ఇటూ, లూక్కా మీదుగా అయితే చుట్టు తిరుగుడు, దాదాపు రెండు గంటలు కూర్చోవాలి. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మెషీన్లో పెట్టి ముద్ర వేసుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు.

పేరుమోసిన ఆ వాలిన టవర్ సెంట్రాలే స్టేషన్ నుంచి అరగంట నడక, ఆర్నో నది దాటి అవతల. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని టవర్ ఎక్కనివ్వరు, చేతిసంచి కూడా బయట పెట్టాల్సిందే. తిండి సంగతికొస్తే, శాకాహారులు పిజ్జా కొట్టుల్లో చెచీనా అని అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద పళ్ళెంలో పోసి పొయ్యిలో కాల్చి, ముక్కలు కోసి మిరియాల పొడి చల్లి ఇస్తారు. అత్తయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఇదేంటమ్మా, మన శనగపిండి అట్టే కదా, దీనికి విమానం ఎక్కాలా" అంది. అంటూనే రెండోది అడిగింది. నేను దారికి ఉంటాయని ఇంకో నాలుగు కట్టించా.

తిరుగు ప్రయాణంలోనే అసలు టెన్షన్. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకి కొన్ని చవక ఎయిర్‌లైన్లు సెక్యూరిటీకి ముందే కౌంటర్లో వీసా చూడాలంటాయి. ఫోన్లో బోర్డింగ్ పాస్ ఉంది కదా అని మేం పెద్ద బ్యాగు వేసేసి, వీసా చూపించకుండానే నేరుగా వెళ్ళిపోయాం, గేటు దగ్గర పక్కన నిలబెట్టి, మామయ్య వీసా కాగితాలన్నీ తిరగేసి, అందరూ ఎక్కాక పంపారు. ఏ ఎయిర్‌లైనో చెప్పను గానీ మెయిల్లో ఆ ముక్క ఎక్కడో అడుగున రాశారు. లండన్ లాంటి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) బయటి ఊళ్ళకైతే పాస్‌పోర్టు కంట్రోల్ కూడా ఉంటుంది, 2025 అక్టోబర్ నుంచి యూరప్‌లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి ఇంకాస్త టైం పెట్టుకోండి. రెండున్నర గంటల ముందు చేరితే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇక ఆవకాయ. అత్తయ్య బ్యాగులో సీసా ఉందని సెక్యూరిటీ క్యూలో నిలబడ్డాక చెప్పింది! పావుకిలో సీసా, అడుగున నాలుగు ముక్కలు. లోపల ఎంతుందో కాదు, సీసా సైజే లెక్క, వంద మిల్లీలీటర్లు దాటితే పోయినట్టే. పెద్ద బ్యాగు అప్పటికే చెక్-ఇన్‌లో వేసేశాం. పారేయడానికి అత్తయ్య ససేమిరా అంది. క్యూలోంచి పక్కకొచ్చి, బెంచీ మీద కూర్చుని, మిగిలిన చెచీనా ముక్కల్లో నంజుకుని నలుగురం సీసా ఖాళీ చేశాం. చెచీనాకి ఆవకాయ ఇంత బాగా కుదురుతుందని పీసా వాళ్ళకి కూడా తెలిసుండదు.