నాన్‌స్టాప్‌లో వెళ్లాలా, మధ్యలో ఆగి వెళ్లాలా?

దూరప్రయాణానికి టికెట్ తీసుకునేటప్పుడు చాలామంది ముందు చూసేది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఎన్ని కిలోమీటర్లు అన్నదే. నెట్‌లో కనిపించే ఆ అంకె గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి. దాన్ని గంటకు 850 కిలోమీటర్లతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలిపితే ప్రయాణ సమయం ఉజ్జాయింపుగా తేలుతుంది. ఉజ్జాయింపే, ఎందుకంటే గాలి కూడా లెక్కలోకి వస్తుంది. లండన్, న్యూయార్క్ మధ్య 5,540 కిలోమీటర్లే అయినా, ఎత్తులో పడమటి నుంచి వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి వల్ల లండన్ వైపు వచ్చేటప్పుడు దాదాపు గంట తక్కువ పడుతుంది. గగనతలం మూసేస్తే లెక్క మరీ మారిపోతుంది. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక, హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల లోపు పట్టే ప్రయాణం 13 గంటలకు చేరింది.

ఇక అసలు సంగతికి వద్దాం. న్యూయార్క్ నుంచి సింగపూర్‌కు సుమారు 15,350 కిలోమీటర్లు. నాన్‌స్టాప్ అయితే 18 గంటల పైచిలుకు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే 6,180, ఆపై 10,260, మొత్తం 16,440. పెరిగింది ఏడు శాతమే. గాలిలో గడిపే సమయం గంటో గంటన్నరో పెరుగుతుంది. మిగతా ఆలస్యమంతా కింద ఆగినందుకే.

కాబట్టి ఆగే ఊరు దారిలో ఉందా లేదా అన్నది ముఖ్యం. ముంబై నుంచి లండన్‌కు నేరుగా 7,200 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 7,430. ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా అయితే దాదాపు 9,800! రెండు భాగాలూ కలిపి చూసుకోండి. నేరు దూరం కన్నా పది శాతానికి మించి పెరిగితే, టికెట్ ఎంత చవకైనా నేను వద్దనే అంటాను.

నాన్‌స్టాప్‌కు సుఖం ఉంది, ఇబ్బందీ ఉంది. పద్దెనిమిది గంటలు ఒకే సీటులో కూర్చోవడం కాళ్లకు మంచిది కాదు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటేనే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పైగా సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2018లో ఈ దూరాల కోసం తెచ్చిన ఏ350 యూఎల్ఆర్ విమానంలో ఎకానమీ సీట్లే పెట్టలేదు. అంత ఇంధనం మోయాలంటే మనుషుల్ని తగ్గించక తప్పదు. ఉన్నవి 161 సీట్లే.

అయినా పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే నా ఓటు నాన్‌స్టాప్‌కే. తెలియని ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కోవడం, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్, ఆ టెన్షన్ వాళ్లకెందుకు? మోకాళ్ల నొప్పులున్నా, వీల్‌చెయిర్ అడిగి, విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం మధ్యలో రెండు మూడు గంటల విరామం నిజంగా ఊరట.

అలా ఆగి వెళ్లేటట్లయితే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేరే విమానం చూపించే బాధ్యత అప్పుడు ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొంటే మళ్లీ టికెట్ కొనుక్కోవాల్సింది మీరే. ఇంకో మాట, ‘డైరెక్ట్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది నాన్‌స్టాప్ కాదు. ఒకే ఫ్లైట్ నంబరుతో మధ్యలో దిగి వెళ్లేదాన్నీ డైరెక్ట్ అనే అంటారు. డబ్బు కట్టేముందు ‘స్టాప్స్’ అన్నచోట సున్నా ఉందో లేదో చూడండి.