ఎఫ్‌ఎం10, 1500డి: రొట్టెల పండక్కి రెండూ మెళ్లో వేసుకుని పోయా

సరదాకి ఫొటోలు తీసుకోవడానికి ఏ కెమెరా కొనమంటావని ఆఫీసులో ఇప్పటికి ముగ్గురు అడిగారు. నా దగ్గర రెండున్నాయి. కెనాన్ 1500డి కొని నాలుగేళ్లు. నికాన్ ఎఫ్‌ఎం10 రీలు కెమెరా, నిరుడు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఈసారి రొట్టెల పండక్కి రెండూ తగిలించుకుని మా నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయా.

స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని కేకలు. ఒకామె రొట్టెని రెండు అరచేతుల్లో పట్టుకుని నిలబడింది. నాని మెత్తబడిన అంచు విరిగి నీళ్లలోకి జారుతోంది. ఎఫ్‌ఎం10 ఎత్తి, లోపల వెలుతురు సరిపోయిందని చెప్పే సున్నా వెలిగేదాకా రింగు తిప్పి నొక్కా.

"ఎట్టొచ్చిందన్నా, చూపించు" అంది.

వెనక్కి తిప్పి చూపించా. ఏముంది, నల్ల మూత.

"బొమ్మ కనపడదా? మరెందుకిది?"

పక్కనోళ్లు ఒకటే నవ్వు. 1500డితో ఇంకోటి తీసి చూపిస్తే కొంగు సర్దుకుని మళ్లీ తీయమంది.

అందుకే, మొదటి కెమెరా అయితే కళ్లు మూసుకుని డిజిటలే. ఆ రోజు 1500డిలో 400 పైగా తీశా, ఇంటికొచ్చి 300 చెరిపేశా, పైసా ఖర్చు లేదు. పొద్దుగూకాక 200 స్పీడు రీలుతో చేసేదేం లేదు. 1500డిలో ఐఎస్‌ఓ, అంటే వెలుతురు పట్టే స్పీడు, 6400కి పెంచితే ఇసక చల్లినట్టు వచ్చినా మొహాలు తెలిశాయి. చీకట్లో ఫోకస్‌కి మాత్రం లోపల కనిపించే తొమ్మిది ఫోకస్ చుక్కల్లో మధ్యదాన్నే నమ్మండి, మిగతా ఎనిమిదీ తడుముకుంటాయి.

రీలుకి డబ్బులు ఊరికే పోతాయి. నెల్లూరులో రంగు రీలు కడిగేవాళ్లు నాకు దొరకలేదు, చెన్నైకి పంపుతా. కొడాక్ గోల్డ్ రీలు, కడగడం, స్కాన్, రానుపోను కొరియర్ కలిపి 36 ఫొటోలకి 1600 దాకా అయింది. నొక్కితే 45 రూపాయలు. నాలుగు నొక్కుళ్లకి కిలో బొచ్చె చేప వస్తుందని మా ఇంటావిడ లెక్క. ఒకసారి నెగటివ్ ఈ చివర్నించి ఆ చివరికి గీతతో తిరిగొచ్చింది. అడిగితే మీ కెమెరాదే తప్పన్నారు.

మొదటి రీలు సంగతి ఇంకా ఘోరం. మైపాడులో పొద్దుటి పడవలన్నీ తీశా. 36 దాటినా రీలుని జరిపే లివర్ హాయిగా తిరుగుతోంది! రీలు పళ్లకి తగులుకోనే లేదు. లివర్ లాగినప్పుడు ఎడమవైపు రివైండ్ మీట కూడా తిరగాలి. అది తిరగలేదంటే లోపల రీలు కదలడం లేదన్నమాట. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

మరి ఎందుకు ఉంచుకున్నానంటే, ఆ రొట్టె ఫొటో. మిట్టమధ్యాహ్నం ఎండ. 1500డిలో ఆమె తెల్లచీర, నీటి మెరుపు సున్నం కొట్టినట్టు పోయాయి, కంప్యూటర్లో ఎంత తగ్గించినా మడత రాలేదు. మూడు వారాలకి వచ్చిన రీలు స్కాన్‌లో చీర మడతలు, రొట్టె మీద కాలిన మచ్చలు అన్నీ ఉన్నాయి. నెగటివ్ ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, డిజిటల్ ఓర్చుకోదు. ఎండలో ఇప్పుడు 1500డికి వెలుతురు కాస్త తగ్గించి, రీలుకి ఒక స్టాపు, అంటే రెండింతలు, పెంచి తీస్తున్నా. రెండు నెలలకో రీలు, అంతకుమించి నా జీతానికి కుదరదు.

పాత కెమెరా కొనేవాళ్లు లెన్స్ ఊడదీయించి, వెనకనించి ఫోన్ టార్చి కొట్టి చూడండి. నేను చూళ్లేదు. నా 35-70 లెన్స్‌లో ఒక మూల సాలెగూడులా బూజు. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న ఊరు కదా, ఇప్పుడు రెండు కెమెరాలూ తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న పచ్చడి డబ్బాలో ఉంటున్నాయి.