ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం: వీరుడి పేరు వెతికే కుటుంబాలకు ఎలా ఉంటుంది?

ఇండియా గేట్ పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఈ స్మారకంలో అమర, వీరత, త్యాగ, రక్షక అని నాలుగు చక్రాలు (వలయాలు) ఉన్నాయి. ప్రవేశం ఉచితం. కుటుంబాలకు ముఖ్యమైనది త్యాగ చక్రం. స్వాతంత్ర్యం తర్వాత అమరులైన సైనికుల పేర్లు అక్కడి గోడల్లో గ్రానైట్ పలకల మీద చెక్కి ఉన్నాయి. హోదాను బట్టి పలక పెద్దదీ చిన్నదీ కాదు, సిపాయికీ అధికారికీ ఒకటే. ఈ ఒక్క నిర్ణయానికే చేతులెత్తి మొక్కాలి.

వేల పేర్లలో కళ్లతో వెతకడం వృథా ప్రయాస. డిజిటల్ తెరల్లో పేరు కొడితే గోడ ఎక్కడో చూపిస్తుంది. మన వాళ్లకు చిక్కు ఇంటిపేరు దగ్గరే వస్తుంది: పొడి అక్షరంగా రాశారా, పూర్తిగా రాశారా, ముందా వెనకా అన్నది సైన్యం రికార్డును బట్టి ఉంటుంది. అందుకే సర్వీసు నంబరు, రెజిమెంటు, మరణించిన సంవత్సరం పాత కాగితాల్లోంచి రాసుకుని వెళ్లండి.

స్మారకంలోని పరమ యోధ స్థల్‌లో ఉన్న 21 విగ్రహాలు యుద్ధకాలపు అత్యున్నత శౌర్య పురస్కారమైన పరమవీర చక్ర గ్రహీతలవి మాత్రమే. కార్గిల్‌లో 1999 జూన్ 28న నేలకొరిగిన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్యది దాని తర్వాతి పురస్కారం మహావీర చక్ర, కాబట్టి ఆయన కోసం త్యాగ చక్రానికే వెళ్లాలి.

లోటల్లా నీడ లేకపోవడమే. గోడల దగ్గర ఎండ నేరుగా పడుతుంది, పెద్దవాళ్లతో వేసవి మధ్యాహ్నం వద్దు. సాయంత్రం వెళ్తే అమరుల కుటుంబసభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమమూ చూడొచ్చు.