ఆయిల్ తాగే పాత పెట్రోల్ కారు: ఇంజిన్ దించకుండా నడిపిన అనుభవం

నాది 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు, అప్పుడప్పుడు ములుగు, ఏటూరునాగారం దాకా బాగానే తిప్పాను. మైలేజీ, ఏసీ, సస్పెన్షన్ దాని వయసుకు బాగానే ఉన్నాయి. చెప్పుకోవాల్సింది ఆయిల్ గురించే. ఒక సర్వీసు నుంచి ఇంకో సర్వీసు వచ్చేలోపే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కింది గీతకు దిగిపోయేది. ఆటోనగర్‌లో ఎవరికి చూపించినా, పొగ కనబడగానే ఒకటే మాట: "బోర్‌కొచ్చింది సార్, ఇంజిన్ దించాల్సిందే." అంటే సిలిండర్లు, పిస్టన్ రింగులు అరిగాయని.

నేను దించనివ్వలేదు. వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడల వెంట ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే చిన్న రబ్బరు టోపీలు) మార్పించి నడుపుతున్నాను, ఇప్పటికీ రోజువారీ బండి ఇదే.

ముందు ఎంత తాగుతోందో లెక్క తేలాలి. పొద్దున్నే బండి తీయకముందు, రోజూ పెట్టే చదును జాగాలోనే డిప్‌స్టిక్ చూసి, పై గీత వరకు నింపి రీడింగ్ రాసుకున్నాను. తర్వాత పోసిందల్లా కొలిచి పోశాను. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో 1,000 కిలోమీటర్లకు లీటరు వరకు మామూలే అని రాసి ఉంటుంది. కాగితం మీద మామూలే కావచ్చు, జేబుకు మాత్రం కాదు. నా బండి లీటరు దాకా పోలేదు గానీ దానికి దగ్గర్లోనే ఉండేది.

తర్వాత కారడం. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కొంచెం చెమ్మ ఉంది, ఫిల్టర్, చాంబర్ నట్టు (పాత ఆయిల్ దించే నట్టు) పొడిగానే ఉన్నాయి. రాత్రి కింద అట్టముక్క పరిచినా చుక్క పడలేదు. కూలెంట్‌లో ఆయిల్ తెట్టె లేదు. అంటే ఆయిల్ లోపలే కాలుతోంది. ఇంజిన్ లోపల చేరే గ్యాస్‌ను ఇన్‌టేక్‌లోకి (గాలి లోపలికి పోయే దారిలోకి) పంపే పీసీవీ వాల్వ్ కూడా మార్చేశాను. అది మూసుకుపోతే ఇంజిన్ లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్‌ను బయటికి తోస్తుంది, తెరుచుకుని ఉండిపోతే ఇన్‌టేక్‌లోకి లాగేస్తుంది. చవక వస్తువు కాబట్టి ముందు దాని సంగతే చూడటం మేలు. నాకు మాత్రం దానివల్ల పెద్ద తేడా రాలేదు.

అసలు ఆధారం దొరికింది కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద. మా బావమరిదిని వెనకాల బైక్ మీద రమ్మని, బ్రిడ్జి దిగేటప్పుడు మూడో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. కిందికి వచ్చాక రేజ్ ఇచ్చాను. "బావా, నువ్వు రేజ్ ఇయ్యంగనే నీలం పొగ గుప్పుమన్నది, తర్వాత ఏం లేదు" అన్నాడు. రింగులు అరిగిన బండి ఇంజిన్ మీద లోడు ఉన్నంతసేపూ, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొగ వదులుతుంది. వాల్వ్ సీల్స్ పోయిన బండి అలా కాదు. కాలు తీసినప్పుడు ఇన్‌టేక్‌లో వ్యాక్యూమ్ పెరిగి, వాల్వ్ కాడల వెంట ఆయిల్ లోపలికి దిగుతుంది, మళ్లీ రేజ్ ఇవ్వగానే కాలుతుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి పొగ వదలడం కూడా ఈ లక్షణమే. నాదానికి అదీ ఉంది.

ఆ తర్వాతే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ప్రెజర్ ఎంత నిలుస్తుందో గేజ్‌తో కొలవడం) చేయించాను. ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేయాలి. నాలుగు సిలిండర్లూ 160 నుంచి 170 పీఎస్ఐ మధ్య వచ్చాయి, అంటే బాగానే ఉన్నట్టు. తక్కువ వస్తే సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ ప్యాకింగ్‌లోనో. కానీ ఒక మెలిక ఉంది. గోడకు అంటిన ఆయిల్‌ను గీకే ఆయిల్ రింగ్ కార్బన్‌తో బిగుసుకుపోయినా కంప్రెషన్ బాగానే చూపించవచ్చు. అందుకే గేజ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

సీల్స్ మార్చడానికి హెడ్ దించలేదు. మేస్త్రీ ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చి, పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వ్ కింద పడకుండా ఆపాడు. తర్వాత స్ప్రింగ్ నొక్కి పాత సీల్ లాగాడు. మెత్తటి రబ్బరులా ఉండాల్సింది, గోటితో నొక్కితే పటుక్కున పగిలింది.

పొద్దుటి పొగ పోయింది. ఆయిల్ తగ్గడం సగానికి పైగా తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఆ మిగతాది ఆయిల్ రింగుల పనే అని నా అనుమానం. 20డబ్ల్యూ-50 పోయమని సలహాలు చాలానే వచ్చాయి. చిక్కటి ఆయిల్‌తో పొగ కొంత తగ్గినట్టు కనిపిస్తుంది, మాన్యువల్‌లో లేని గ్రేడ్ నేనైతే పోయను. అలాగని ఇలాగే తాగిస్తూ పోవడమూ మంచిది కాదు, కాలిన ఆయిల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. లీటరు లెక్కకు మళ్లీ దగ్గర పడితే అప్పుడు రింగులు వేయిస్తాను.

ఇలాంటి బండి కొనేవాళ్లు, మీరు వచ్చేలోపు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే పొద్దుటి పొగ మీకు కనపడకుండా పోయినట్టే, ఇంకో రోజు రండి. సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూడండి: పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ పోతోందని, జిడ్డు మసి అయితే ఆయిల్ కాలుతోందని.