రెండు మానిటర్ల హబ్ కొంటున్నారా? మీది మ్యాక్ అయితే ఆగండి

విండోస్ ల్యాప్‌టాప్‌కు రెండు మానిటర్లు పెట్టుకుని పనిచేసే అలవాటున్నవారు మ్యాక్‌కు మారుతుంటే, రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్న చవకరకం యూఎస్‌బీ-సీ హబ్ (ల్యాప్‌టాప్‌లో ఒక్క పోర్టుకు తగిలిస్తే పలు పోర్టులిచ్చే చిన్న పెట్టె) జోలికి పోకండి. నేను కొన్నదాని మీద ‘అన్ని కంప్యూటర్లకూ, రెండు మానిటర్లు, 4కె’ అని కొట్టొచ్చినట్టు రాశారు. ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌కు తగిలిస్తే రెండు మానిటర్లూ వెలిగాయి, కానీ రెండింటిలోనూ ఒకటే బొమ్మ! ఎడమ తెర మీద కిటికీ జరిపితే కుడి తెర మీదా అదే కిటికీ జరుగుతోంది. సెట్టింగ్స్‌లో చూస్తే బయటి మానిటర్ ఒక్కటే కనిపిస్తోంది.

అదే హబ్ పాత విండోస్ ల్యాప్‌టాప్‌కు పెడితే రెండు తెరలూ చక్కగా విడివిడిగా వచ్చాయి. అమ్మినవారికి దొరికిన సాకు ఇదే: వస్తువులో లోపం లేదు కాబట్టి వాపసు లేదట. వివరణలో చిట్టచివరి బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ‘మ్యాక్‌లో ఒకే చిత్రం’ అని ఉందట. పైన అంత పెద్దగా ‘అన్ని కంప్యూటర్లకూ’ అని రాసిన చేతికి ఇది మాత్రం అంత చిన్నగా ఎందుకు వచ్చిందో!

అసలు కారణం ఎంఎస్‌టీ. ఒకే తీగలో రెండు తెరల దృశ్యాలు పంపే ఈ పద్ధతిని విండోస్ వాడుకుంటుంది. మ్యాక్ ఓఎస్ తెరలను విడదీయడానికి దాన్ని వాడుకోదు. పైగా ఎం1, ఎం2 ఎయిర్‌లు నేరుగా నడపగలిగేది ఒక్క బయటి తెరనే. ఎం3 ఎయిర్ రెండింటిని నడుపుతుంది గానీ మూత మూసి ఉంచాలి. ఎం4 ఎయిర్‌కు మూత తెరిచే ఉన్నా రెండు తెరలు వస్తాయి, అయినా ఈ రకం హబ్‌తో రావు. రెండు పోర్టుల నుంచి రెండు తీగలు విడిగా లాగాలి, లేదా థండర్‌బోల్ట్ డాక్ (ఒకే తీగలో రెండు తెరల దృశ్యాలను మ్యాక్‌కూ విడిగా అందించే పెట్టె) కొనాలి.

4కె మాటా సగమే నిజం. వచ్చింది 30 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు గెంతుతూ వెళ్తుంది, పేజీ జరిపితే అక్షరాలు అలుక్కుపోతాయి. ‘4కె’ పక్కన 60 హెర్ట్జ్ అని లేకపోతే అది 30 అనే అనుకోండి.

వాపసు అడిగితే, డిస్‌ప్లేలింక్ చిప్ (బొమ్మను సాఫ్ట్‌వేర్ సాయంతో తెరకు పంపేది) ఉన్న మరో ఖరీదైన హబ్ అంటగట్టబోయారు. దానితో ఎం1లోనూ రెండు తెరలు వస్తాయి, నిజమే. కానీ విడిగా డ్రైవర్ వేసుకోవాలి, తెరను రికార్డు చేసే అనుమతి ఇవ్వాలి, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. డబ్బు కట్టి చూసే సినిమాలు చాలావరకు నల్లతెరగా మిగులుతాయి. ఆ ముక్క వాళ్లు చెప్పలేదు.

కొనేముందు ‘మ్యాక్‌లో రెండు తెరల మీదా వేర్వేరు బొమ్మలు వస్తాయా’ అని రాతపూర్వకంగా అడగండి. ‘రెండు మానిటర్లూ పనిచేస్తాయి’ అని జవాబిస్తే కొనకండి. నాకూ అదే చెప్పారు.