ఏమండీ, పేరు, బావ: భార్యాభర్తలకు ఏ పిలుపు మేలు?

హైదరాబాదులో భార్యాభర్తల పిలుపులు ఒక్క తీరుగా ఉండవు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన ఇంట్లో ‘ఏమండీ’ వినిపిస్తే, ఉప్పల్‌లోనో సైదాబాదులోనో పుట్టి పెరిగిన వారింట్లో ‘ఏమయ్యా, ఇంటున్నవా’ వినిపిస్తుంది. మాదాపూర్ అపార్ట్‌మెంట్లలో నేరుగా పేర్లే. వీటిలో ఏది మేలో తేల్చడానికి ముద్దును కొలతగా పెట్టుకుంటే లాభం లేదు, ఎవరి ముద్దు వారికి ముద్దు. చూడవలసింది, ఆ పిలుపు ఇద్దరి నోటా చెల్లుతుందా, నలుగురిలోకి వచ్చేసరికి దాన్ని మార్చుకోవలసిన అవసరం ఎవరికి పడుతోంది అన్నవే.

‘ఏమండీ’కి ఉన్న మర్యాద కాదనలేనిది. బస్టాపులో ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించే మాటే అయినా, ఇంట్లో అది ఎన్ని రాగాలైనా పోతుంది: వంటింట్లోంచి పొడుగ్గా సాగితే గ్యాసు అయిపోయిందని, చుట్టాల మధ్య పొట్టిగా తెగితే ఇక మాటలు చాలించమని. అయితే ఆ మర్యాదకు బదులుగా అవతలి నుంచి వచ్చేది చాలా ఇళ్లలో ‘ఏమోయ్’ లేదా ‘ఏమే’. ఆమె ‘మీరు’ అంటుంది, ఆయన ‘నువ్వు’ అంటాడు, అయిదారేళ్ల వయసు తేడాను కారణంగా చూపిస్తారు గానీ, ఈడూజోడూ అయిన జంటలోనూ లెక్క మారదు. భర్త కూడా భార్యను ‘మీరు’ అనే ఇళ్లు కొద్దిగా ఉన్నాయి, వాటికి ఈ ఫిర్యాదు వర్తించదు. ఇక ఆచరణలో ఒక చిక్కు: నాంపల్లి ఎగ్జిబిషన్లో, జనవరి నెల సాయంత్రం, జనం తోసుకుంటున్న వేళ ‘ఏమండీ’ అని కేకేస్తే పదిమంది మగవాళ్లు తిరిగి చూస్తారు, కావలసిన ఆయన మాత్రం చూడడు.

పేరు పెట్టి పిలిస్తే ఆ చిక్కు లేదు, కానీ దాని ఇబ్బంది దానికుంది. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో, రేషన్ కార్డు గుమాస్తా అడిగినా పక్కనున్న పిల్లవాడితో చెప్పించిన ఆడవాళ్లు ఉండేవారు. పెళ్లయి గడపలో అడుగుపెట్టే కొత్త జంటను ఆడపడుచులు తలుపు దగ్గర ఆపి, ఒకరి పేరు ఒకరు చెప్తేనే లోపలికి రానిచ్చే వేడుక ఇప్పటికీ నడుస్తోంది. అందులో పెళ్లికొడుకు గట్టిగా చెప్పేస్తాడు, పెళ్లికూతురు తల దించుకుని సగం మింగుతుంది, అందరూ నవ్వుతారు. ఆ సరదా అంతా ఆమె మళ్లీ ఆ పేరు పలకదన్న ఊహ మీదే నిలబడింది. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు ‘ఏరా’, ‘ఏమిట్రా’ అని పిలుచుకుని పెళ్లాడిన జంటల్లో ఈ తమాషా ఇంకా స్పష్టం. అత్తగారు ఊరి నుంచి దిగిన రోజున ఆ అమ్మాయి ‘మీరు కాఫీ తాగుతారా’ అంటుంది; అబ్బాయి ఒక్క అక్షరం కూడా మార్చుకోడు, పైగా నవ్వు ఆపుకుంటూ కూర్చుంటాడు. ఇది పేరు తప్పు కాదు, పేరు వాడుకునే స్వేచ్ఛ ఇద్దరికీ సమంగా అందకపోవడం తప్పు.

‘బావా’ ఈ ఇబ్బందిని తెలివిగా దాటుతుంది. రక్తసంబంధీకుల పెళ్లిళ్లకు 1955 నాటి హిందూ వివాహ చట్టం హద్దులు పెట్టినా, ఆచారం ఉన్నచోట మినహాయించింది కాబట్టి, మేనరికం చేసుకున్న అమ్మాయి చిన్నప్పటి పిలుపునే కొనసాగిస్తుంది, పెద్దల ముందూ దాచనక్కర్లేదు. చుట్టరికం లేకపోయినా సరదాకు ‘బావా’ అనేవాళ్లు నగరంలో బాగా పెరిగారు; అందులో చనువు ఉంది, వేళాకోళం ఉంది, భయం లేదు. కాకపోతే అక్క మొగుడూ బావే కాబట్టి పండక్కి అందరూ చేరితే గందరగోళం తప్పదు. ‘బుజ్జి’, ‘బంగారం’ గదిలో బాగుంటాయి, కూరగాయల బండి దగ్గర కాదు. ‘చింటూ వాళ్ల నాన్న’ అనే పద్ధతి పెద్దల ముందు ఎంత క్షేమమో, జంటకు అంత నష్టం: పిల్లవాడు పుట్టాక ఆ ఇద్దరి మధ్య అతని పేరు తప్ప మరో మాట మిగలదు.

ఎదుట లేనప్పుడు అనే మాటల్లో తేడా మరింత బయటపడుతుంది. కోస్తా నుంచి వచ్చినామె ‘మా వారు ఆఫీసుకు వెళ్లారు’ అంటుంది, ఇక్కడి ఆమె ‘మా ఆయన ఆఫీసుకు పోయిండు’ అంటుంది, ఈ రెండో మాటను అమర్యాదగా వినేవాళ్లకు తెలంగాణ ఇళ్ల వాడుక తెలియదని అర్థం. భర్త గనక ‘మా ఆవిడ ఆఫీసుకు వెళ్లారు’ అంటే వెక్కిరిస్తున్నాడనే అనుకుంటారు. అందుకే నా ఓటు పేరుకు, దానితోపాటు ఇరువైపులా ‘నువ్వు’కు. ‘ఏమండీ’ నోటికి అలవాటైన ఇంట్లో దాన్ని మాన్పించే పని పెట్టుకోవద్దు, ఆయనే ‘మీరు’ అనడం మొదలుపెట్టవచ్చు. మొదటి వారం ఇంట్లో అందరూ నవ్వుతారు.