ల్యాండింగ్‌లో స్పిట్‌ఫైర్, మస్టాంగ్: ఫ్లాప్‌ల తేడా

స్పిట్‌ఫైర్ బ్రిటన్‌ది, మస్టాంగ్ అమెరికాది; రెండూ రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫైటర్ విమానాలు. ఇక్కడ పోల్చే రకాలు రెండింటిలోనూ మెర్లిన్ ఇంజినే, కానీ దిగే తీరు వేరు. స్పిట్‌ఫైర్ ఫ్లాప్‌లకు (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలకు) రెండే స్థానాలు: పూర్తిగా పైకి, లేదా దాదాపు 85 డిగ్రీలు కిందికి. కంప్రెస్ చేసిన గాలితో పనిచేస్తాయి, మధ్యలో ఆపడానికి వీల్లేదు. దింపగానే విమానం ముక్కు కిందికి వంగుతుంది, వేగం గబగబా పడిపోతుంది. అందుకే పైలట్ చివరి మలుపు దాకా ఆగి, ఒకేసారి దింపేస్తాడు.

పీ-51డీ మస్టాంగ్‌లో హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో పనిచేసే) ఫ్లాప్‌లు పది పది డిగ్రీల చొప్పున 50 వరకు దిగుతాయి. 10 డిగ్రీలు గంటకు 400 మైళ్ల వేగంలోనూ వాడొచ్చు, పూర్తి 50 డిగ్రీలకు మాత్రం వేగం 165 మైళ్ల లోపే ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఈ మెట్లు ఎంతో మేలని నా అభిప్రాయం.

ప్రొపెల్లర్ విషయంలో సూత్రం ఒకటే: దిగే ముందే పిచ్ (ప్రొపెల్లర్ రెక్కల కోణం) సన్నగా చేసి ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెంచి ఉంచాలి. స్పిట్‌ఫైర్‌లో ప్రొపెల్లర్ లివర్ పూర్తిగా ముందుకు, మస్టాంగ్‌లో 2700 ఆర్‌పీఎం. మళ్లీ పైకి లేవాల్సి వస్తే శక్తి వెంటనే అందాలి కదా! అయితే తక్కువ వేగంలో థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే లివర్) ఒక్కసారిగా తోస్తే మెర్లిన్ టార్క్‌కు (మెలితిప్పే బలానికి) విమానం ఎడమవైపు ఒరిగిపోతుంది. తర్వాత వచ్చిన గ్రిఫాన్ ఇంజిన్ స్పిట్‌ఫైర్‌లో ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఆ లాగుడు కుడివైపుకి.